రాసింది ఎవరు?

“కుర్చీల కూసోని మీటలు నొక్కుడు గూడ పనేనా?” అని మా అత్త అన్నప్పుడు నేను జొన్నరొట్టె తడుతున్నాను. నాతో కాదు, గోడతో అన్నట్టు అంది. ఇల్లూడ్చి, రొట్టెలు చేసి, పిల్లను బడికి పంపి, నార్కట్‌పల్లిలో బస్సెక్కి నల్లగొండ ఇంటర్నెట్ సెంటరుకు పోయి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే నాకు ఆ కుర్చీ ఒక సుఖమని ఆమె నమ్మకం. ఆ మాట ఆమెదేనా, మా ఆయన అనిపించాడా అని ఆలోచించాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా వెనక ఇంకో గొంతు ఉందేమో అనిపించేది.

మా ఆయన భిక్షపతికి హైవే పక్కన నేత చీరల దుకాణం. అది 1999. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసిన మా మరిది గుర్వయ్య ఆ దుకాణానికి ఒక వెబ్‌సైటు చేసిపెట్టాడు. పైన మా ఆయన ఫోటో, కింద చీరల ఫోటోలు. నచ్చినవాళ్ళు మెయిలు రాసి డీడీ పంపితే మేం పార్సిల్ చెయ్యాలి. నెలలు గడిచినా ఒక్కరూ రాయలేదు. నేత చీరలని ఇంగ్లీషులో కొట్టి వెతికితే ఎవరెవరి దుకాణాలో వచ్చేవి. మాది ఎక్కడో వెనక పేజీల్లో పడి ఉండేది. ఏడో తరగతితో చదువు ఆపిన ఆయనకు అప్పుడు నా డిగ్రీ గుర్తొచ్చింది. “జర నువ్వు చూడరాదు సైదమ్మా, నీ సదువు గిట్లన్న అక్కరకొస్తది” అన్నాడు.

వెతికిపెట్టే ఆ సైట్లు బొమ్మలు చూడవని, పేజీలో ఉన్న మాటలే చదువుతాయని సెంటరు నడిపే ఏసోబు చెప్పాడు. మా పేజీలో మాటలే లేవు. ఒక్కో చీర కింద ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. ఏ రంగు మొదటి ఉతుకులో దిగుతుందో, ఏ అంచు మీద పసుపు మరక కనపడదో, పిల్లను చంకనేసుకుని బస్సెక్కినా కుచ్చిళ్ళు జారని చీర ఏదో రాశాను. కొనుక్కునే ఆడవాళ్ళు ఏమని వెతుకుతారో ఊహించి ఆ మాటలే వాడాను. ఒక్కో వెతికే సైటుకు మా పేజీ సంగతి విడివిడిగా తెలియజేశాను. చివర్న నా పేరు పెట్టబోతే ఆయన ఆపాడు. “ఆడపేరు సూస్తే ఎవడన్న ఏమన్న రాస్తడు. నా పేరు వెట్టు.” పెట్టాను.

వానలు మొదలయ్యేసరికి మా దుకాణం మొదటి పేజీలోకి వచ్చింది. ఆర్డర్లు రాసాగాయి. అంతా తన తెలివేనని ఆయన బజారంతా చెప్పుకున్నాడు. నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడుకోవచ్చని గుర్వయ్య చెప్పిన నాటి నుంచి మాత్రం దుకాణం అత్తకు అప్పజెప్పి నా వెంట సెంటరుకు రాసాగాడు. నా పక్కనే ఇంకో కుర్చీ వేసుకునేవాడు. షోలాపూర్ నుంచి ఒకాయన చీర బాగుందని రాస్తే, “బాగున్నది చీరెనా?” అని అడిగాడు. ఒకనాడు ఆయన చాయ్‌కి వెళ్ళినప్పుడు ఏసోబు తలొంచుకుని అసలు సంగతి చెప్పాడు. నేను ఏమేం తెరుస్తున్నానో, ఎవరికి రాస్తున్నానో మా ఆయన చాటుగా అడుగుతున్నాడట.

అప్పటి నుంచి నాకూ అదే జబ్బు అంటుకుంది. బస్సులో కిటికీ పక్క సీటిస్తే, ఎవరైనా పలకరిస్తారని లోపలికి నెట్టాడనుకున్నాను. మల్లెపూలు తెస్తే, ఏం కనిపెట్టాడో, ఏం దాస్తున్నాడో అనుకున్నాను. మెయిలు చదువుతూ నవ్వొస్తే పెదవి కొరుక్కునేదాన్ని. నిజంగానే తప్పేమైనా చేశానా అని, పంపిన మెయిళ్ళు మళ్ళీ తెరిచి నన్ను నేనే వెతుక్కున్నాను. ధరలు, రంగులు, పార్సిల్ సంగతులు తప్ప ఏమీ లేవు. అంత కష్టపడి రాసిన మాటల్లో నేనెక్కడా లేనని నాకు అప్పుడు తెలిసింది.

దసరా ముందు పూణే నుంచి ఒక టీచరమ్మ రాసింది. ఆయన పక్కనే ఉన్నాడు. “ఎవరు? ఏమంటాంది?” అన్నాడు. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ‘కింద భిక్షపతి అని ఉంది. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. చంకలో పిల్ల, జారే కుచ్చిళ్ళు, ఇవి చీర కట్టినవాళ్ళకే తెలుస్తాయి. నిజంగా రాసింది ఎవరు?’

ఆయన పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఆమెకెందుకట? నేనే రాసిన్నని కొట్టు.”

నేను కొట్టడం మొదలుపెట్టాను. చీరలన్నీ నేనే కట్టి చూశానని, పిల్ల నాదేనని, బస్సులో జారిన కుచ్చిళ్ళు నావేనని రాశాను. ఆయన తెర దగ్గరికి వంగాడు. ఇంగ్లీషులో ఆయన గుర్తుపట్టేది ఒక్క తన పేరే. పైనుంచి కిందికి వెతికాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు.

“గిండ్ల నా పేరు కనవడ్తలేదేంది?”

“పేరున్నది. నాది” అన్నాను, పంపే మీట నొక్కుతూ.

ఆయన లేచి, “బస్సుకు టైమైంది” అని బయటికి నడిచాడు. నేను లేవలేదు. చీరల పేజీ తెరిచి, ఆయన పేరున్న చోట నా పేరు కొట్టాను.