చెంచమ్మ మెలకువ

మంగళవారం వచ్చిందంటే ప్రసన్నకుమారి నంద్యాలలో ఏడు గంటల బస్సెక్కేది. ఆళ్లగడ్డలో దిగి, ఒక టీ తాగి, అహోబిలం దారిన షేర్ ఆటోలో పోయి, కొండ కింద దిగి అరగంట నడిస్తే చెంచుగూడెం. భుజాన, గూడెం వాళ్ల భూమి అర్జీలు రాసిపెట్టే సంఘం వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్. ఆమె నాన్న శేషాద్రిది నంద్యాలలో బట్టల అంగడి. ఆ ఇంట్లో ఏ పుస్తకమైనా సరే, పని అయ్యాక మూసి, కళ్లకద్దుకుని, ఎర్రగుడ్డలో చుట్టి పెట్టాల్సిందే. ల్యాప్‌టాప్‌నీ ఆమె అట్లాగే మూత మూసి, కళ్లకద్దుకుని, ఎర్రగుడ్డలో బిగించి చుట్టేది.

గూడెంలో పదకొండు కరెంటు స్తంభాలున్నాయి. తీగ లేదు. ఓట్ల ముందు స్తంభాలు పాతినవాళ్లు ఓట్లయ్యాక తీగ తేలేదు. అందుకని గూడెంలో చార్జింగ్ పెట్టేది చెంచమ్మే. గుడిసె ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, ఫోనును ఒళ్లో పెట్టుకుని అరచేయి ఆనించేది. అది నిండేది. ఫోనుకు ఒక కునుకు పోయేది. టార్చిలైటుకు రెండు ఆవులింతలు. ల్యాప్‌టాప్‌కు మాత్రం మధ్యాహ్నం పడుకుంటే పొద్దుగూకే వేళకు లేచేది. లేచి, మొహం కడుక్కుని, పొయ్యి రాజేసేది. ఇంతే.

"ఏం పాపా, నీ పలకకు మళ్లా ఆకలైందా? మా మొగుడన్నా ఇంత తినడు" అనేది చెంచమ్మ.

"తినేదానికి నువ్వు పెడితే గదా!" అనేవాడు వెంకటయ్య, బుట్ట అల్లుతూ తల ఎత్తకుండానే.

చెంచమ్మకు మూడెకరాల చేను. వాళ్లమ్మ రాళ్లు ఏరి, కంపలు కొట్టి చేసిన చేను. జొన్న, కొర్ర పండుతాయి. అడవిలో సేద్యం చేసుకునేవాళ్లకు పట్టాలిస్తామని చట్టం వచ్చి మూడేళ్లయింది. ఇస్తారు, ఊరికే ఇస్తారా! నాలుగు తరాలుగా అక్కడే పుట్టి అక్కడే చచ్చినవాళ్లను, మీరు ఇక్కడే ఉన్నారని ఆధారం చూపండి అన్నారు. పాత ఫోటోలకు జిరాక్సులు తీసి ఇస్తే, చెట్టూ మనిషీ ఒకే నలుపుగా ఉన్నాయి, మీ సంఘం మిషన్‌లో ఉన్నవే తెచ్చి చేని దగ్గర చూపించండి అన్నారు. అర్జీ పెట్టినామె అదే రోజు స్వయంగా హద్దులు నడిచి చూపాలి. విచారణకు శుక్రవారం అని రాశారు. ఆ రోజు తప్పితే ఆ అర్జీ కొట్టేసినట్టే.

సరిగ్గా దానికి నెల ముందు, నంద్యాల సంఘం ఆఫీసులో ల్యాప్‌టాప్ దానంతటదే అప్‌డేట్ ఎక్కించుకుంది. ఆ పూటంతా తిప్పలు పడి, మూడుసార్లు ఆరి వెలిగి, చివరికి కొత్త రంగులతో లేచి కూర్చుంది. ఆ మరుసటి మంగళవారం నుంచే మొదలైంది. నంద్యాలలో నిండుగా ఉన్నది గూడెంలో గుడ్డ విప్పేసరికి ఖాళీ. చెంచమ్మ ఒళ్లో పెట్టుకుని నింపేది. ప్రసన్నకుమారి ఒక కాగితం చూసి, మూత మూసి, గుడ్డ చుట్టి, నలుగురితో మాట్లాడి వచ్చేసరికి మళ్లీ ఖాళీ. మళ్లీ చెంచమ్మ ఒడి. ఆమె నిద్ర ఒక పూట నుంచి ఒక రోజుకు, రోజు నుంచి రోజున్నరకు పెరిగింది. కొర్రకు కలుపు తీయాల్సిన అదును నిద్రలోనే పోయింది.

ప్రసన్నకుమారి నంద్యాల బస్టాండు దగ్గర గురుస్వామి రిపేరు షాపుకు పోయింది.

"తెర వెలుతురు తగ్గించినా. వెనకాల ఊరికే తిరిగే ప్రోగ్రాములన్నీ ఆపినా. ఆ అప్‌డేట్ గూడా తీసేసినా తల్లీ, మళ్లా అదే ఎక్కిచ్చుకునింది" అన్నాడు గురుస్వామి. "నా బల్ల మీద రెండున్నర గంటలు నిలబడింది. దీనికేం రోగం లేదు."

"మరి గూడెం పోయేసరికి సచ్చిపోతాంది గదన్నా?"

"ఆ కొండల్లో ఏముందో నాకేం ఎరుక? కావాలంటే కొత్త బ్యాటరీ తెప్పిస్తా. పదైదు దినాలు పడతాది."

"శుక్రవారం విచారణ అన్నా!"

గురుస్వామి స్క్రూడ్రైవరు కింద పెట్టి మిషన్‌ను ఆమె వైపు జరిపాడు. 

శుక్రవారం పొద్దున అతని షాపులోనే నూటికి నూరు నింపి, మూత మూసి, కళ్లకద్దుకుని, గుడ్డ చుట్టి బయలుదేరింది. దారిలో ఒక్కసారి కూడా తెరవలేదు. గూడెం చేరగానే, "పెద్దమ్మా, ఈ పొద్దు నువ్వు దీన్ని తాకొద్దు. విచారణకొచ్చే ఆఫీసరు ముందర నువ్వు మేలుకోనుండాల" అని చెప్పి గుడ్డ విప్పింది.

పొయ్యి మీంచి దించిన పెనంలా కాలింది చేతికి. మూత సందులోంచి వెలుతురు. లోపల తెర వెలుగుతూనే ఉంది. మూడు శాతం.

అప్పుడు తెలిసింది ఆమెకు. మూత మూస్తే పడుకోవడం ఆ మిషన్ మానేసింది. అప్‌డేట్‌తో ఆ అలవాటు పోయింది. గురుస్వామి బల్ల మీద మూత ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి అతనికి రోగం కనపడలేదు. నెల రోజులుగా చెంచమ్మ ఇచ్చిన నిద్రంతా ఆ ఎర్రగుడ్డలో ఉడికిపోయింది. ఎంతో భద్రంగా చుట్టింది ఎవరు? తనే.

వంక అవతల జీపు శబ్దం వినపడింది.

"ఇట్లియ్యి పాపా" అని చెంచమ్మ లాక్కుంది.

"వద్దు పెద్దమ్మా, నువ్వు పండుకుంటే..."

"బొమ్మలు లేకుంటే ఆయప్ప జీపే దిగడు. రవ్వంత ఇస్తా, అంతే."

ఎంత ఇస్తే చాలో ఆమె చేతికి తెలుసేమో గాని, ఎంత తాగాలో ఆ మిషన్‌కు తెలియదు. ఆఫీసరు గుడిసె ముందుకు వచ్చేసరికి చెంచమ్మ గుంజకు ఆనుకుని గాఢంగా నిద్రపోతోంది.

ఆఫీసరు ఫోటోలు చూశాడు. చెంచమ్మ వాళ్లమ్మ చేనిలో కొడవలితో నిలబడ్డది చూశాడు. పటం చూశాడు. "బాగుంది. అర్జీదారు?"

"ఈమే సార్."

"చార్జింగ్ పెట్టిందా?"

"అవును సార్. రేపు లేస్తుంది."

"రేపు నాకు సంజామల పక్క పని ఉందమ్మా. రాలేదని రాసుకుంటా."

"మొగుడు నడిచి చూపిస్తే చెల్లదా సార్?"

"అర్జీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే నడవాల." ఆయన కలం మూత తీశాడు.

వెంకటయ్య బుట్ట పక్కన పెట్టి లేచాడు. "తీసుకున్నది మళ్లా దాని చేతికే ఇస్తే లేస్తాదమ్మా. నీ మిషన్ సచ్చిపోతాది, అంతే."

కాలిపోతున్న మిషన్ తాగింది తాగినట్టే ఖర్చు చేసేసింది, మిగిలింది ఇరవై రెండు శాతం. ప్రసన్నకుమారి మిషన్‌ను చెంచమ్మ అరచేతి కిందకు జరిపింది. అంకె తగ్గుతూ తగ్గుతూ పోయి తెర నల్లబడింది. చెంచమ్మ కళ్లు తెరిచింది.

"యాడికి రావాలప్పా?" అని ఆఫీసరును అడిగి లేచింది.

ఈశాన్యం మూల రాయి నుంచి తూర్పు గట్టు పట్టుకుని నడిచింది. ప్రతి రాయి దగ్గరా ఆగింది. "ఇది మా యమ్మ పాతింది. ఇది మా యమ్మకు నొప్పులొచ్చినప్పుడు మా నాయన పాతినాడు. ఈడనే పుట్టినా నేను." ఆఫీసరు వెనక నుంచి కొలుచుకుంటూ వచ్చాడు.

ఇరవై రెండు శాతం మెలకువ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ప్రసన్నకుమారికి తెలుసు. "బిరీన నడువు పెద్దమ్మా" అంది.

"చెప్పకుండా ఎట్ల పోతా పాపా? ఆయప్పకు తెలియొద్దా?"

దక్షిణం గట్టు కూడా అట్లాగే నడిచింది, రాయి రాయికీ ఆగుతూ. మూల మీద నల్లమద్ది చెట్టు ఉంది. దాన్ని పట్టుకుని పడమటి గట్టు వైపు చేయి చాపింది. నోరు తెరిచింది. మాట రాకముందే కళ్లు మూతబడ్డాయి. చెట్టు మొదట్లో మెల్లగా ఒరిగిపోయింది.

ఆఫీసరు గడియారం చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు. తర్వాత చెట్టు దగ్గర జెండా గుచ్చి, అక్కడి నుంచి మొదటి రాయికి పటం మీద ఐమూలగా గీత గీశాడు. మూడెకరాల చేను మూల నుంచి మూలకు సగానికి తెగింది. అర్జీదారు నడిచి చూపిన మేరకు, అని రాసి సంతకం పెట్టి జీపెక్కాడు.

మరునాడు మధ్యాహ్నం దాకా ప్రసన్నకుమారి అక్కడే ఉండిపోయింది. చెంచమ్మ లేచి, మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"పడమటి గట్టు చూపించినానా పాపా?"

వెంకటయ్య తల తిప్పుకున్నాడు. ప్రసన్నకుమారి నల్లమద్ది దగ్గర గుచ్చిన జెండా వైపు చూసింది.

చెంచమ్మ వాళ్లిద్దరినీ ఒకసారి చూసింది. చీర ఎగదోపుకుని నల్లమద్ది చెట్టు దాకా పోయి, అక్కడి నుంచి పడమటి గట్టు మీద నడక మొదలుపెట్టింది. వెనక ఎవరూ లేకపోయినా, ప్రతి రాయి దగ్గరా ఆగి, అది ఎవరు పాతారో గట్టిగా చెబుతూ పోయింది.