హొన్నమ్మ ముట్టుకున్న బొమ్మల సినిమా

"రాండప్పా, రాండి, దగ్గరగా కూకోండి! దాసమ్మక్కా, ఆ శెనక్కాయలు వలిచేది ఆపు. ఎవురూ నోరు మెదపొద్దు, మాట్లాడేది నా పని!"

పావగడ పక్క మా ఊళ్లో కప్పలకు ఈత రాని కరువది. తలకు పోసుకోవాలంటే ట్యాంకరు రావాలి, ట్యాంకరు రావాలంటే దేవుడు దిగి రావాలి. అలాంటి రోజుల్లో హొన్నమ్మ పెద్దమనిషయింది. మేనమామ బయట పచ్చాకు గుడిసె వేశాడు. కాపలాకు మేనత్త గుండమ్మ.

ఆ సాయంత్రం గుడిసె ఎదురుగానే వీడియో పెట్టారు. బొమ్మల సినిమా. మంత్రగత్తె ఒక రాజకుమారిని, "పెద్దదానివయ్యావు, ఇక గడప దాటకూడదు" అని గోపురంలో పెట్టి తాళం వేసింది. ఆకుల సందులోంచి చూస్తున్న హొన్నమ్మ ఆ సందును ఇంకాస్త పెద్దది చేసుకుంది. ఆ పిల్ల బయటపడుతుందా, లేదా?

సరిగ్గా అప్పుడే గుండమ్మ గుడిసెకు అడ్డంగా గొంగడి కట్టేసింది.

"అత్తా, కడదాకా చూస్తానత్తా."

"పెద్దదానివైతివి, బొమ్మలేందే నీకు? నేను చూసొచ్చి చెప్తాలే."

వెళ్లి ముందు వరసలో కూర్చుని, "మంత్రగత్తె చేసిందే న్యాయం! ఆడపిల్లంటే అట్లే ఉండాల!" అని అరిచింది. జనం పగలబడి నవ్వారు.

హొన్నమ్మ కడుపులో కొలిమి రాజుకుంది. ఆ వేడికి గుడిసె పచ్చాకంతా ఎండి గలగలలాడింది, నేను కళ్లారా చూశాను. గొంగడి పీకేసి, ఉరికి వచ్చి, అత్తను వెనకనుంచి గట్టిగా వాటేసుకుంది.

"అయ్యయ్యో, ముట్టుకునెనే! మైల!"

"ముట్టుకున్నోళ్లు తలకు పోసుకోకుండా ఇల్లు తొక్కగూడదంటివి కదత్తా. పో, పోసుకో. నీళ్లు యాడుండాయి?"

గుండమ్మ అదిరిపడి పక్కనే కూర్చున్న ఎల్లక్క మీద పడింది. ఎల్లక్క మొగుడి మీద, మొగుడు పక్కన కట్టేసిన ఎద్దు మీద, బెదిరిన ఎద్దు వెనక వరసలన్నిటి మీద. రెప్పపాటులో ఊరంతా మైల. ఒక్కరూ ఇంట్లోకి పోలేరు.

"గుడిసెలో చోటుండాదిలే అత్తా" అని హొన్నమ్మ ఆమెను లోపలికి తోసి, గొంగడి బిగించి, ఆమె చోటులో దర్జాగా కూర్చుంది. "నేను చూసొచ్చి చెప్తాలే!"

టీవీలో రాజకుమారి తాళం కొరికేసి, మంత్రగత్తెను అదే గోపురంలో మూసి, నిండుగా పారే ఏట్లోకి దూకింది. హొన్నమ్మ ఈల వేసింది.

మైలపడ్డవాళ్లలో పెద్దతిమ్మప్ప మాత్రం వీడియో మనిషి దగ్గరికి పరుగెత్తాడు. "ఓ అప్పా, బొమ్మ ఆడనే నిలుపు! ఆ ఏట్లోంచి రెండు బిందెలు ఇట్లా వంచితే, మేమంతా పోసుకోని ఇండ్లకు పోతాం!"