గేటు దగ్గర సన్నాయి

రెండు వేల సంవత్సరం వేసవిలో మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. చిలకలూరిపేట పక్క పల్లెలో సన్నాయి వాయించి బతికే మీరావలికి మామూలుగా అయితే వేసవిలో ఇంట్లో ఉండే తీరికే దొరకదు. ఆ ఏడు మాత్రం సన్నాయి గుడ్డసంచిలోంచి బయటికి రాలేదు. వసారాలో మంచం వాల్చుకుని, జిన్నింగు మిల్లు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చే దూదిపింజల్ని చూస్తూ పడుకునేవాడు.

అలాంటప్పుడు గుంటూరు నుంచి కబురొచ్చింది. అక్కడి కళాసంఘం ఒకటి సెలవుల్లో ఒక హైస్కూలు ఆవరణలో వేసవి కళాసంబరాలు జరుపుతోంది. నాటకాలు, నాట్యాలు, పాటకచేరీలు, తోలుబొమ్మలాట. రోజూ సాయంత్రం అతిథులు వచ్చే వేళకి గేటు దగ్గర మంగళవాద్యం కావాలి. స్కూల్లోనే బస, భోజనం.

"స్టేజీ మీద కాదా?" అన్నాడు డోలు వాయించే యేసుపాదం. మీరావలికి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు.

"గేటు దగ్గరేరా. ఇక్కడ మంచం మీద దొర్లే కన్నా నయమేగా."

శ్రుతిపెట్టె పట్టే మనిషి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్ళిపోయాడు. దాంతో మీరావలి భార్య కరీమున్ వెంట బయలుదేరింది.

కరీమున్‌కి సన్నాయి కొత్త కాదు. ఆమె తండ్రి ఖాజావలి ఆ చుట్టుపక్కల పేరున్న విద్వాంసుడు. మగపిల్లలు లేకపోవడంతో తన విద్యంతా కూతురికే నేర్పాడు. పెళ్ళయి వచ్చాక అత్తగారు, "పదిమందిలో ఆడమనిషి బుగ్గలు పూరించి ఊదితే ఏం బావుంటుందమ్మా" అంది. గొడవ పడి అన్న మాట కాదు, నెమ్మదిగా అన్న మాట. కరీమున్ కూడా నెమ్మదిగానే మానేసింది. భర్త నోట్లో పెట్టుకుని ఊదే పీకల్ని నీళ్ళలో నానబెట్టి, అంచులు సరిచేసి ఇవ్వడం మాత్రం ఆమె పనిగా మిగిలింది. అత్తగారు పోయి చాలాకాలమైనా ఆ మాట ఇంట్లో అలాగే ఉండిపోయింది.

గుంటూరులో వాళ్ళకి ఏడో తరగతి గది ఇచ్చారు. బెంచీలు ఒక గోడకి జరిపి, నాపరాళ్ళ నేల మీద చాపలు పరిచారు. పగలంతా నిప్పులు చెరిగే ఎండ. ఆ ఎండలో ఆటగాళ్ళు, పాటగాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు పడి నిద్రపోయేవాళ్ళు. పక్కగదిలో తోలుబొమ్మల వాళ్ళు తమ బొమ్మల్ని కిటికీలకి వేలాడదీసి ఆరబెట్టేవాళ్ళు. ఎండ ఆ తోళ్ళలోంచి దూరి, వరండా పొడుగునా ఎర్రటి మచ్చలు, పచ్చటి మచ్చలు పరిచేది. గాలి వీస్తే ఆ రంగులన్నీ ఒక్కసారిగా కదిలేవి. ఒకరోజు యేసుపాదం వరండాలోనే నిద్రపోతే అతని బనీను మీద ఒక నెమలి మెడ అటూ ఇటూ ఊగింది. కరీమున్ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఏదో ఒక గదిలో ఎవరో గజ్జెలు కట్టుకుని మెల్లగా అడుగులు సరిచూసుకునేవాళ్ళు. ఇంకెక్కడో వయొలిన్ తీగ బిగించేవాళ్ళు. నిద్రకీ మెలకువకీ మధ్య ఆ చప్పుళ్ళు వింటుంటే, ఊళ్ళో తన పొయ్యి, గేదె, నీళ్ళ కుండలు ఎవరివో అయినట్టు అనిపించేవి ఆమెకి.

సాయంత్రమయ్యేసరికి ఆవరణంతా మారిపోయేది. నేల మీద నీళ్ళు చల్లేవాళ్ళు. తురాయి చెట్ల కింద రాలిన పూలు తడిసి మట్టిలో అంటుకుపోయేవి. సోడా బండ్లు, ముంజలు అమ్మేవాళ్ళు, మల్లెపూల బుట్టలు గేటు బయట చేరేవి. ఇనుప కుర్చీలు వరసలుగా వేసేవాళ్ళు. మీరావలి, యేసుపాదం, కరీమున్ గేటు పక్కన అరుగు మీద కూర్చునేవాళ్ళు. కారు ఆగగానే వాద్యం మొదలు. అతిథి మెడలో దండ పడి, ఆయన నడుచుకుంటూ స్టేజీ దాకా వెళ్ళేవరకు వాయించాలి. తరవాత సంఘం కార్యదర్శి శివరామకృష్ణ గారు దూరం నుంచి చెయ్యి ఊపితే ఆపెయ్యాలి. ఆయన కాలేజీ లెక్చరరు. మంచివాడే, కానీ ఎప్పుడూ పరుగుల మీదే ఉండేవాడు.

అక్కడితో వాళ్ళ పని అయిపోయేది. ముగ్గురూ వెళ్ళి ఆఖరి వరసలో కూర్చునేవాళ్ళు. మొదటిరోజు నాటకం. రెండోరోజు ఒక పెద్దాయన వయొలిన్ కచేరీ. ఆయన కళ్ళు మూసుకుని ఒక్క రాగాన్ని పట్టుకుని ఎంతోసేపు వాయించాడు. అంత జనమూ కదలకుండా కూర్చున్నారు. పిల్లాడు ఏడిస్తే తల్లి ఎత్తుకుని బయటికి పోయింది.

కరీమున్ పెరిగిందంతా సన్నాయి చప్పుడులోనే. ఆ చప్పుడు కింద జనం మాట్లాడుకోవడం, తినడం, పోట్లాడుకోవడం ఆమెకి తెలుసు. ఇలా నోళ్ళు మూసుకుని ఒక రాగం కోసమే కూర్చున్న మనుషుల్ని మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎంత బాగా వింటున్నారండీ," అంది భర్తతో.

"టవును కదా," అన్నాడు మీరావలి. కాసేపాగి, "మనం వాయించేటప్పుడు కూడా వింటారులే, ఒక చెవితో," అన్నాడు.

ఆ రాత్రి చాప మీద పడుకుని ఆమె ఆ రాగాన్ని పెదవులు కదపకుండా మొత్తం మళ్ళీ నడిపించుకుంది. వయొలిన్ ఎక్కడెక్కడ ఆగిందో, అక్కడ సన్నాయి అయితే ఎలా ఆగుతుందో, ఎంత ఊపిరి కావాలో. అలా నడిపించుకుంటూనే నిద్రలోకి జారింది. నిద్రలో తండ్రి దూదిబస్తాల మీద కూర్చుని వింటున్నాడు, ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం మీరావలి, యేసుపాదం టీ తాగడానికి బజారుకెళ్ళారు. కరీమున్ సంచిలోంచి సన్నాయి తీసింది. గది తలుపు దగ్గరగా వేసి, తడిపీక పెదవుల మధ్య పెట్టుకుంది. మొదటి ఊపిరికి గాలే వచ్చింది. రెండోదానికి ఒక వంకర చప్పుడు. కాసేపటికి స్వరం నిలబడింది. బయటికి ఎక్కువ వినిపించకుండా సన్నగా, కల్యాణి రాగం ఊదింది. చిన్నప్పుడు తండ్రి తెల్లవారుజామునే లేపి సాధన చేయించిన రాగం. వేళ్ళు మరిచిపోయాయనుకుంది గాని, సన్నాయి మీద ఒక్కో బెజ్జాన్నీ అవే వెతుక్కుని పోతున్నాయి.

ఆపి తలుపు తీసేసరికి తోలుబొమ్మల సుబ్బరావమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ముసలావిడ, చేతిలో రంగు కుంచె.

"మీ ఆయన బజారుకెళ్ళాడుగా. మరి ఊదిందెవరు?" అంది.

కరీమున్ చేతిలోని సన్నాయిని వెనక్కి దాచుకుంది.

"సర్లే, రేపు కూడా ఊదు. నాకు ఆ చప్పుడుకి చెయ్యి వణక్కుండా గీత బాగా పడతా ఉంది," అని ఆవిడ వెళ్ళిపోయింది.

కరీమున్‌కి తెలియనిది ఒకటుంది. మీరావలి దారిలోంచే వెనక్కి వచ్చాడు, పర్సు మరిచిపోయి. వరండా మెట్ల మీద కూర్చుని మొత్తం విన్నాడు. ఆమె ఆపగానే చప్పుడు చెయ్యకుండా లేచి బజారుకి వెళ్ళిపోయాడు. యేసుపాదం, "పర్సు తెచ్చావా?" అంటే లేదన్నాడు. ఆ తరవాత రోజూ మధ్యాహ్నం ఏదో ఒక వంక పెట్టి యేసుపాదాన్ని బజారుకి తీసుకుపోయేవాడు.

ఆఖరి రోజు వచ్చింది. ఆ సాయంత్రం అందరికన్నా పెద్ద అతిథి రావాలి, హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు. ఆయన వచ్చి దీపం వెలిగిస్తే గానీ నాట్యం మొదలుకాదు. కుర్చీలన్నీ నిండిపోయి జనం గోడలెక్కారు. దారిలో కారు చెడిపోయిందని ఫోనొచ్చింది. శివరామకృష్ణ గారు చెమటలు కక్కుతూ గేటు దగ్గరికి వచ్చాడు.

"మీరావలి గారూ, ఎంతసేపు పడుతుందో తెలీదు. జనం లేచిపోకుండా మీరు అలా వాయిస్తూ ఉండండి."

మీరావలి మొదలుపెట్టాడు. ఒక రాగం అయ్యాక ఇంకో రాగం. పొద్దు కుంకింది. జనం మామూలుగానే మాట్లాడుకుంటున్నారు, ముంజలు తింటున్నారు. ఇంతలో గేటు ముందు నుంచి మిరపబస్తాల లారీలు వరసగా పోయాయి. గాలి నిండా ఘాటు లేచింది. గేటు దగ్గరున్న వాళ్ళంతా తుమ్మారు. మీరావలికి దగ్గు తెర వచ్చింది. ఊపిరి కూడదీసుకుని ఊదబోతే మళ్ళీ దగ్గు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యేసుపాదం ఒక్కడే డోలు మీద తాళం నిలబెడుతున్నాడు.

మీరావలి పీక తుడిచి, సన్నాయి కరీమున్ ఒళ్ళో పెట్టాడు.

"నువ్వందుకో."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఆ కల్యాణి ఉందిగా, రోజూ మధ్యాహ్నం ఊదుతున్నావు. అది ఊదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను శ్రుతిపెట్టె తన ఒళ్ళోకి లాక్కుని తిత్తి ఆడించడం మొదలుపెట్టాడు.

కరీమున్ పైట సర్దుకుని, కళ్ళు మూసుకుని ఊదింది. ఈసారి దాచుకోవలసిన పని లేదు. గొంతు విప్పి పిలిచినట్టు స్వరం గేటు దాటి, తురాయి చెట్ల మీదుగా పోయింది. యేసుపాదం చేతులు ఒక్క క్షణం ఆగి, డోలు మీద మెత్తగా పడ్డాయి. ఆమెకి ఆవరణ లేదు, జనం లేరు. చీకటి పడుతున్న పెద్ద పొలంలో తెల్లటి పత్తి అంతటా విచ్చుకుని ఉన్నట్టు, ఆ మధ్యలోంచి తాను తీరిగ్గా నడుస్తున్నట్టు ఉంది. ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పడం లేదు. ఏ సాలులోకి తిరిగినా దారి ఉంది.

మొదట ఆఖరి వరసలో ఒకామె కుర్చీ గరగరమని తిప్పుకుని గేటు వైపు కూర్చుంది. ఆమెను చూసి పక్కనున్న ఇద్దరు తిప్పుకున్నారు. ఇనుప కుర్చీల చప్పుడు ఒక్కో వరస దాటుకుంటూ ముందుకి పోయింది. కొద్దిసేపటికి స్టేజీ అందరికీ వీపు వెనక్కి వెళ్ళిపోయింది. గజ్జెలు కట్టుకున్న నాట్యగత్తెలు స్టేజీ దిగి వచ్చి కింద కూర్చున్నారు. ముంజలవాడు కత్తి పక్కన పెట్టాడు. మాటలు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

అతిథి కారు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టబోతే లోపలి మనిషి వద్దన్నాడు. ఆయన దిగి గేటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. శివరామకృష్ణ గారు దండ పట్టుకుని వచ్చి, వెయ్యకుండా ఆయన పక్కనే నిలబడిపోయాడు. చెయ్యి ఊపలేదు.

కరీమున్ ఆపి కళ్ళు తెరిచేసరికి అన్ని ముఖాలూ తన వైపే ఉన్నాయి. ఆమెకి భయం వేసింది. చప్పట్లు కాస్త ఆలస్యంగా, దూరం నుంచి వాన వచ్చినట్టు వచ్చాయి. ఆమె గబగబా సన్నాయి భర్త చేతికిచ్చి తల దించుకుంది. శివరామకృష్ణ గారికి అప్పుడు దండ గుర్తొచ్చి అతిథి మెడలో వేశాడు. కుర్చీలన్నీ మళ్ళీ ముందుకి తిరిగాయి. దీపం వెలిగించారు, నాట్యం జరిగింది. ఆ రాత్రి ఆమె నాట్యం చూసింది గానీ ఒక్క అడుగూ తలకెక్కలేదు.

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?" అని అడిగింది, మర్నాడు చిలకలూరిపేట బస్సులో.

"పర్సు మర్చిపోయిన రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావని."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. దున్ని వదిలేసిన నల్లరేగళ్ళు ఎండకి నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఆమె చెయ్యి భర్త చేతి మీద ఉంది.

మూఢం పోయి శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మొదటి పిలుపు వినుకొండ దగ్గర ఒక రైతు ఇంటి నుంచి. పెళ్ళికూతురి తండ్రి పేరయ్య పందిట్లో రెండు సన్నాయిలు చూసి ఆగాడు.

"ఏం మీరావలీ, ఆడమనిషి వాయిస్తదా?"

"వాయిస్తదయ్యా. నాకు మునుపటి ఊపిరి లేదు. నేను ఆగిన చోట ఆమె అందుకుంటది."

పేరయ్య తల గోక్కుని, "సరే, ముహూర్తానికి మాత్రం గట్టిగా పడాలి," అని వెళ్ళిపోయాడు.

తెల్లారి ముహూర్తం. జనం ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు, పిల్లలు పందిట్లో పరుగులు పెట్టారు, ఎవరో ఎవర్నో అక్షింతల కోసం కేకలేశారు. కరీమున్ భర్త పక్కన కూర్చుని వాయించింది. ఎవరు వింటున్నారో వెతకలేదు. అందరి మాటల మధ్య నుంచి ఆ స్వరం తన దారిన తాను పోతుంటే ఆమెకి హాయిగానే ఉంది. తాళి కట్టే వేళకి ఇద్దరూ కలిసి అందుకున్నారు. యేసుపాదం డోలు ఉరుములా పడింది.

ఆ తరవాత రెండో బంతిలో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. పెదవులు మొద్దుబారి కరీమున్‌కి పప్పులో ఉప్పు తెలియడం లేదు. వడ్డిస్తున్న కోటేశ్వరి, పెళ్ళికూతురి మేనత్త, ఆమె విస్తరి ముందు ఆగి ఇంకో గరిటె నెయ్యి వేసింది.

"ఇందాక పీటల మీద కూర్చోబెట్టినప్పుడు వాయించింది ఏంటమ్మా?"

"మోహన రాగమండి."

"మళ్ళా అప్పగింతలప్పుడు వాయిస్తావా? నేను వంటింట్లో ఉండి సగమే విన్నా."

"మీరు బయటికి వచ్చాకే మొదలుపెడతా," అంది కరీమున్.