ముందు గుండీల చొక్కాలు

పాప అప్పుడే నిద్రలోకి జారుకుంది. ఫోను మోగగానే ఆమె గబుక్కున అందుకుని, పిల్లిలా నడిచి వంటింట్లోకి వెళ్ళి, "చెప్పండి సార్" అంది.

ఆఫీసు పెద్దాయన గొంతులో తేనె కారుతోంది.

"సోమవారం వచ్చేస్తున్నావుగా, సంతోషం అమ్మా. కాకపోతే అదే రోజు వంతెన మీటింగు పడింది. చీఫ్ ఇంజినీరుగారు స్వయంగా వస్తున్నారు. మన స్కేలు చూసుకుంటాడులే. నువ్వు నెమ్మదిగా వచ్చి వెనకాల కూర్చో. పచ్చి బాలింతవి, నీకెందుకీ తలనొప్పి?"

స్కేలు అంటే ఆమె కింద పనిచేసే కుర్రాడు. పొడుగ్గా, సన్నగా, వంపన్నది లేకుండా ఉంటాడని ఆఫీసంతా ఆ పేరుతోనే పిలుస్తారు. మంచివాడే. కానీ ఆ వంతెన ఆమెది. మొదటి గీత నుంచి ఆమె గీసింది. నిండు కడుపుతో నది ఒడ్డున బురదలో దిగి మట్టి చూసి వచ్చింది. తనకంటే ముందు కాన్పుకి వెళ్ళిన ఇద్దరి సంగతీ ఆమెకు తెలుసు. 'నెమ్మదిగా రండి' అనిపించుకున్నవాళ్ళు ఇప్పటికీ నెమ్మదిగానే ఉన్నారు, పాత డ్రాయింగులు సర్దుకుంటూ.

"నేనే చెప్తాను సార్."

"నీ ఇష్టం. రేపు మళ్ళీ మాట్లాడుకుందాం."

ఫోను పెట్టేసి, ఆ ఊపులోనే వెళ్ళి బీరువా తెరిచింది. ఆఫీసు ప్యాంటు ఒకటి తీసి ఎక్కించబోతే తొడల దగ్గరే మొరాయించింది. ఇంకోటి నడుము దాకా వచ్చింది కానీ, హుక్కుకీ కాజాకీ మధ్య జానెడు దూరం. చొక్కా తొడిగితే గుండీకీ గుండీకీ మధ్య బట్ట నోరు తెరుచుకుంది. ఇన్నాళ్ళూ నైటీల్లో గడిపేసిన ఒంటికి ఆ బీరువాలో ఉన్నవన్నీ ఎవరో చెల్లెలి బట్టల్లా ఉన్నాయి.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైంది. మాట తక్కువ మనిషి. కోడలు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకు ఇష్టం లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

"ఇంకొన్నాళ్ళు ఆగితే కొంపలేం మునుగుతాయో" అంది.

"మునుగుతాయి అత్తయ్యా. రేపు బట్టల షాపుకి వెళ్ళాలి. మీ అబ్బాయి ఎలాగూ లేరు, మీరూ రావాలి. పాపని ఎత్తుకోవడానికి."

మొగుడు రైలు డ్రైవరు. బండి ఎక్కి పోయాడు, మంగళవారం దాకా రాడు.

మర్నాడు షాపులో ఆమె కన్ను నేరుగా ఒక బూడిదరంగు గౌను మీద పడింది. నడుము దగ్గర సన్నగా, మోకాళ్ళ దాకా తిన్నగా, వెనకాల పొడుగాటి జిప్పుతో ఉంది. దాన్ని వేసుకుని మీటింగు గదిలోకి నడిస్తే, అక్కడున్నవాళ్ళకి పాత మనిషే కనిపిస్తుంది. ఆ ఆశతోనే ట్రయల్ రూములోకి దూరి, ఊపిరి బిగబట్టి, చెయ్యి వెనక్కి తిప్పి జిప్పు లాగింది. సగం వీపు దాకా వచ్చి ఆగిపోయింది. పైకి లాగితే పోదు, కిందికి లాగితే రాదు.

అదే సమయంలో బయట పాప ఏడుపు అందుకుంది.

ఆకలి ఏడుపు. ఆ గొంతు వినగానే రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టయి పాలు చేపుకొచ్చాయి. బూడిదరంగు మీద రెండు మచ్చలు, చూస్తూ ఉండగానే అరచేయంత అయ్యాయి. జిప్పు పట్టుకుని గుంజింది. మెడ చుట్టూ చెమట. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. పైగా ఫోను మోగింది.

"ఏమ్మా, ఆలోచించావా? స్కేలుకి చెప్పేశాను మరి..."

"మళ్ళీ చెప్పండి సార్, నేనే మాట్లాడతానని!" అని అరిచినంత పని చేసి కట్ చేసింది.

"అమ్మాయ్, తలుపు తియ్" అంది అత్తగారు బయట నుంచి. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆవిడ లోపలికి వచ్చి ఒక్క చూపు చూసింది. పాపని కోడలి చేతికిచ్చి, వెనక్కి తిప్పి, జిప్పుకి రెండు వైపులా బట్ట పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కుట్లు పటపటా తెగిపోయాయి. బయట నుంచి షాపు పిల్ల "మేడమ్, ఏదో చిరిగిన చప్పుడు" అంటే, "చిరిగింది. కొనుక్కుంటాం. నువ్వెళ్ళమ్మా" అంది.

ఆమె చిరిగిన గౌను భుజాల మీంచి దించేసుకుని, స్టూలు మీద కూర్చుని పాపకి పాలు పట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎవరికి చూపించడానికి ఈ తిప్పలు?" అంది అత్తగారు గొంతు తగ్గించి.

"మీకేం తెలుసు అత్తయ్యా! ఒక్కసారి వెనక కూర్చుంటే ఇంక ముందుకి రానివ్వరు."

అత్తగారు జాకెట్టు పై గుండీ విప్పి, చంక పక్కగా పాత కోత మచ్చ చూపించింది. వేలెడంత ఉంది, ముడుచుకుపోయిన అంచులతో.

"మీ ఆయన పుట్టినప్పటిది. నేనూ తొందరపడి వెళ్ళాను. కౌంటరు వదిలి లేస్తే లైన్లో నిలబడ్డవాళ్ళంతా నన్నే తిడతారు. పాలు పిండుకోవాలని పై ఆఫీసరుతో చెప్పడానికి సిగ్గు. లోపల గుడ్డలు కుక్కుకుని కూర్చునేదాన్ని. గడ్డ కట్టింది. జ్వరం వచ్చింది. చలితో వణుకుతూ కూడా స్టాంపులు అమ్మాను. చివరికి కోసి తీశారు." గుండీ పెట్టేసుకుంది. "వెళ్ళొద్దన్నది నువ్వు వెళ్ళకూడదని కాదు. నాలాగా వెళ్ళకూడదని."

ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెతికారు. ఇప్పుడు అద్దం చెప్పిన మాట కాకుండా ఒళ్ళు చెప్పిన మాట విన్నారు. నడుము వెనక ఎలాస్టిక్ ఉన్న ప్యాంట్లు, ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం. ముందు గుండీలున్న వదులు చొక్కాలు మూడు, తడి మచ్చ పడినా కనబడనంత గజిబిజి చిన్న పూలవి. మీద వేసుకోవడానికి ఒక పొడుగు కోటు. చీకట్లో చెయ్యి పెట్టి ఏది లాగినా ఇంకోదానితో కలవాలి, నీళ్ళల్లో ముంచి ఆరేస్తే ఇస్త్రీ అక్కర్లేకుండా ఉండాలి. అత్తగారు ప్రతి చొక్కా గుండీలూ ఒంటి చేత్తో విప్పి చూసి గానీ బుట్టలో వేయలేదు.

సోమవారం మీటింగు పొద్దున్నే మొదలవ్వాల్సింది. చీఫ్ ఇంజినీరు ఆలస్యంగా వచ్చాడు. మొహం చిట్లించుకునే వచ్చాడు. ఆమె లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టేసరికే రొమ్ములు బరువెక్కాయి. పెద్దాయన బల్లకి ఆ చివర కూర్చుని, ఆమె ఎక్కడ తడబడుతుందా, ఎప్పుడు ఆదుకుందామా అన్నట్టు చూస్తున్నాడు. ఆమె తడబడలేదు. కానీ ప్రశ్న మీద ప్రశ్న. మధ్యాహ్నం దాటింది, ఎవరూ లేచే సూచన లేదు. ఎడమ వైపు రాయి కట్టినట్టయింది. చెయ్యి ఎత్తి డ్రాయింగు చూపిస్తుంటే చంక దాకా సలుపు. చొక్కా లోపల తడి పాకుతోంది. బయటికి ఏమీ కనబడటం లేదు, కానీ వెన్నులోంచి సన్నగా చలి పుట్టింది.

"ఎడమ ఒడ్డున ఈ స్తంభం తల ఇంత వెడల్పెందుకు?" చీఫ్ ఇంజినీరు కాగితం మీద వేలితో కొట్టాడు. "మిగతావాటికి లేదే. సిమెంటు దండగ కదూ?"

జవాబు ఆమె నాలుక చివర ఉంది. దాని వెనకాల ఇంకో పది ప్రశ్నలుంటాయనీ తెలుసు. ఆ చలి ఏమిటో కూడా తెలుసు.

"చెప్తాను సార్. ముందు నాకు ఇరవై నిమిషాలు కావాలి. ఇంట్లో పసిపిల్ల ఉంది. పక్కకి వెళ్ళి పాలు పిండుకుని వస్తాను."

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచి, "అదీ... ఈలోగా మన స్కేలు కొనసాగిస్తాడు సార్" అన్నాడు.

అందరి చూపూ స్కేలు మీద పడింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో మొదటిసారి కొంచెం వంగినట్టు కనిపించాడు.

"ఆ స్తంభం సంగతి నేను చెప్పలేను సార్. అక్కడికి వెళ్ళి మట్టి చూసింది మేడమే. ఆగుదాం."

చీఫ్ ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. ఆమె వైపు చూడకుండానే, "టీ తెప్పించండి" అన్నాడు.

గది అంటూ ఏదీ లేదు. పాత డ్రాయింగుల స్టోరురూములో, గడియ లేని తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, దాని మీదే కూర్చుంది. పాలు పిండే పంపు సంచిలోంచి తీసి పెట్టుకుంది. పాలు రావు. తొందరపడేకొద్దీ రావు. బయట అడుగుల చప్పుడు వినిపించింది, తలుపు పిడి తిరిగింది, కుర్చీ ఆమెతో సహా అంగుళం జరిగింది.

"మనిషున్నారు!" అని అరిచింది.

"అయ్యో, సారీ మేడమ్" అని ఎవరో వెళ్ళిపోయారు. ఆమెకి కోపం, ఆ వెంటనే నవ్వు. భుజాలు దిగాయి. అప్పుడు వచ్చాయి పాలు, సన్నగా మొదలై ధారగా. ఎడమ వైపు గట్టిదనం వేళ్ళ కింద కొంచెం కొంచెంగా కరిగింది.

తిరిగి వచ్చి కూర్చోకుండానే చెప్పింది. "ఆ ఒడ్డు మట్టి మెత్తన సార్. ఏళ్ళు గడిస్తే ఆ స్తంభం కాస్త కుంగుతుంది. అప్పుడు జాకీలు పెట్టి వంతెనని ఎత్తి సరిచేయాలి. ఆ జాకీలు పెట్టుకునే చోటు అది. ఇప్పుడు ఇవ్వకపోతే అప్పుడు వంతెన మూసేయాలి."

చీఫ్ ఇంజినీరు మళ్ళీ కాగితం చూశాడు. మట్టి పరీక్ష ఇంకోసారి చేయించమని, అది సరిపోతేనే సంతకమని చెప్పి లేచాడు. గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. పరీక్ష చేయించాల్సింది మాత్రం ఆమేనని కాగితం మీద రాయించి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "అలా అందరి ముందు చెప్పాలా అమ్మా?"

"చెప్పకపోతే ఆపేవారా సార్?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"స్టోరురూముకి గడియ పెట్టించండి సార్. రేపటికల్లా."

"చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' ఎన్నాళ్ళు సాగుతుందో ఆమెకి తెలుసు. గడియ తానే కొనుక్కొస్తే బిగించడానికి మనిషి దొరుకుతాడు.

ఇంటికి చేరేసరికి పాప నానమ్మ భుజం మీద ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. ఆమె చెప్పులు ఎక్కడ వదిలిందో కూడా చూసుకోకుండా పాపని అందుకుంది. అత్తగారు ముందు కోడలి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్ళు చల్లగానే ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను అత్తయ్యా. అందరి ముందూ."

ఆవిడ పాప గుటకలు వేస్తున్న చప్పుడు విని, "ఆ చొక్కా విప్పి ఇటు పడెయ్. పొద్దున్నకి ఆరాలి" అని బకెట్ కోసం వెళ్ళింది.