వేలికి తగలని అతుకు

ఆసుపత్రి ముందు మలుపులో బావ బండి రెండు ముక్కలైంది. ముందు చక్రం, హ్యాండిలు, బావ ఒక దిక్కుకు వెళ్లారు. వెనక చక్రాలు రెండూ ఇరుసుతో సహా ఆసుపత్రి గోడ దిక్కుకు వెళ్లాయి. బావకు మోచెయ్యి గీరుకుపోయింది. అసలే మోకాలు వంగని మనిషి. వెనకచక్రాలకు తనకంటే బుద్ధి ఉందని, నేరుగా వైద్యానికి వెళ్లాయని అన్నాడు.

మోటారుసైకిలుకు మూడో చక్రం పెట్టి ఇచ్చింది బావమరిదే. వెల్డర్. అతుకు వేశాక గ్రైండరుతో నున్నగా అరగదీసి రంగు కొడతాడు. వేలితో తడిమినా అతుకెక్కడో తెలియకూడదని అతని పంతం.

విరిగిన బండిని చూసి వెల్డర్ మొదట రోడ్డు మీది గోతిని తిట్టాడు. తర్వాత బావ బరువును తిట్టాడు.

"అతుకు ఊడితే తిన్నవాడిదా తప్పు?" అని అతని అక్క అడిగింది. అడిగి ఊరుకోలేదు. బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మెకానిక్‌ను పిలిపించింది.

పెద్దాయన విరిగిన గొట్టాన్ని వెలుతురుకు తిప్పాడు. విరిగిన అంచు సగం మెరుస్తోంది, సగం తుప్పు పట్టి ఉంది.

"మెరిసేది ఇవాళ విరిగింది. తుప్పు పట్టింది ఎప్పుడో విరిగి నీ రంగు కింద దాక్కుంది" అన్నాడు.

రెండు చక్రాల బండి మలుపులో ఒరుగుతుందని, మూడు చక్రాలది ఒరగదని, పక్కకు తోసే ఆ బలమంతా అతుకు మీదే పడుతుందని చెప్పాడు. "దానికి కండ కావాలి నాయనా. ఆ కండనే నువ్వు గ్రైండరుతో చెక్కేశావు."

వెల్డర్ వీధి చివరికి చూశాడు. వీధి చివర టైలరమ్మకు ఇలాంటి బండే చేసిచ్చాడు. అదే గొట్టం, అదే నునుపు. ఆమె రోజూ తల్లిని వెనక కూర్చోబెట్టుకుని వంతెన దిగుతుంది. చెబితే పనితనం పరువు పోతుంది.

అతని మొహం చూసి బావ విషయం కనిపెట్టాడు. "నేనంటే చుట్టాన్ని, పడి నోరు మూసుకున్నాను. ఆవిడకేం ఖర్మ?"

వెల్డర్ వెళ్లి, టైలరమ్మ ఎదుటే బ్లేడుతో రంగు గీకాడు. కింద వెంట్రుకంత పగులు కనిపించింది. ఆమె కుట్టుమిషను ఆపి వంగి చూసింది.

"చంక దగ్గర లాగుడెక్కువని మేం రెండు కుట్లు వేస్తాం. మీరు ఉన్న ఒక్కటీ కోసేశారా?"

బండిని తోపుడుబండి మీద షెడ్డుకు తెచ్చాడు. పాత అతుకు కోసేసి, మూలలకు ఇనుప పలకలు వేసి మళ్లీ అతికించాడు. గ్రైండరు మేకు మీంచి దిగలేదు.

బావ కుంటుకుంటూ వచ్చి చూశాడు. "గొంగళిపురుగు పాకినట్టుంది."

"పాకనీ బావా. రెక్కలొస్తేనే కష్టం."

టైలరమ్మ బండెక్కింది, తల్లిని మాత్రం ఇంకా ఎక్కనివ్వలేదు. "ఇవాళ వంతెన దిగేటప్పుడు వెనక మీరు కూర్చోండి" అంది వెల్డర్‌తో.

అతను కూర్చున్నాడు. వంతెన దిగినంతసేపూ ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేతి వేలిని సీటు కింద అతుకు మీద పెట్టి ఉంచాడు. అది వేలికి బాగానే తగిలింది.