శివారు తూము దగ్గర లావు తీగ

ఉషశ్రీ బాస్ గిటారు ఎక్కడికి వెళ్లినా నా వీపు మీదే వెళ్తుంది. అంత బరువు ఆడపిల్ల చేత మోయించకూడదని నా పట్టుదల. ఉషశ్రీ రోజూ జిమ్ముకి వెళ్తుంది, నాకన్నా ఎక్కువ బరువే ఎత్తుతుంది, అది వేరే సంగతి. దయాగుణం ఉన్నవాడు లెక్కలు చూడడు. దారిలో ఎవరైనా "మీరు వాయిస్తారాండీ?" అని అడిగితే అవుననను, అబద్ధం నాకు పడదు. కాదని కూడా అనను, ఎదుటి మనిషి ముచ్చట చెడగొట్టడం అసలే పడదు. కాస్త తల వంచి నవ్వుతాను. ఆ నవ్వు నేను అద్దం ముందు సొంతంగా నేర్చుకున్నాను. గిటారు కూడా సొంతంగానే నేర్చుకున్నాను గానీ, నవ్వు వచ్చినంత బాగా అది రాలేదు.

మేమిద్దరం రోజూ కలిసేది ఇబ్రహీంపట్నంలో పాండురంగయ్య గారి గిటార్ల రిపేరు కొట్లో. ఆయన పొద్దున్నే షట్టరెత్తి, వాకిట్లో నీళ్లు చల్లి, అగరొత్తి వెలిగించి, టీ తాగి, ఆ తర్వాత రోడ్డవతల ట్రాన్స్‌ఫార్మరు వైపు చెవి ఒగ్గుతారు. కరెంటు తయారయ్యే ఊరు కాబట్టి అది ఆగకుండా జుమ్మంటూ ఉంటుంది. గిటారు లావు తీగని మెడ మీది మూడో ఇనప మెట్టు, అదే ఫ్రెట్టు, మీద నొక్కి మోగిస్తూ, ఆ మోతా ఈ మోతా ఒకదాన్నొకటి కొట్టుకోవడం మానేదాకా కీ తిప్పుతారు. శ్రుతి చూసుకోవడానికి ట్యూనర్లున్నాయి కదండీ అంటే, అవీ మనూరి కరెంటుతోనే బతకాలి, అసలు దాన్ని వదిలి నకలు దగ్గరికి పోవడమెందుకు అంటారు. మా కొట్టు గిటార్లు వెంట్రుకవాసి పైశ్రుతిలో ఉంటాయని పెళ్లి కచేరీల కీబోర్డు వాళ్లు గొణుగుతూ ఉంటారు. కీబోర్డునే కాస్త పైకి జరుపుకోమంటారు ఆయన.

ముహూర్తాలు లేని రోజుల్లో కొట్టుకి పనంతా నీళ్లవాళ్ల దగ్గర్నుంచే. బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు ఎగువ పొలాలు తాగి, శివారుకి చేరేసరికి కాలువ అడుగు తడిసేంత మిగులుతాయి. దమ్ము చెయ్యడానికి ట్రాక్టర్ని, ఎలకలు పడితే బుట్టలవాళ్లని పిలిచినట్టే, నీళ్లు రాకపోతే శివారు రైతులు బాస్‌ని పిలుస్తారు. తూము దగ్గర కూర్చుని లావు తీగ మోగిస్తే, కాలువ నీళ్లు ఆ మోత దిక్కుకి నడిచొస్తాయి.

ఎలా నడిచొస్తాయన్నది మాత్రం సామాను మీద ఉంటుంది. కొత్త గరుకు తీగలు వేస్తే మోత చురుగ్గా ఉంటుంది, నీళ్లు నురగలు కక్కుతూ ఉరికొచ్చి గట్లు కోసేస్తాయి. వాడివాడి నున్నబడ్డ తీగలైతే మోత గుండ్రంగా ఉంటుంది, నీళ్లు నూనెలా జారుకుంటూ వస్తాయి. సన్నవి వేస్తే వేలికి సుఖం, కానీ నీళ్లు చీలమండ దాటవు. తీగని చెక్కకి మరీ దగ్గరగా దించితే అది ఫ్రెట్లకి తగిలి బరబరలాడుతుంది, నీళ్లూ ఆగి ఆగి వస్తాయి. బుల్లి ఆంప్లిఫయర్ పెడితే మొదటి మలుపు దాకా వచ్చి, పొరబడ్డామనుకుని వెనక్కి పోతాయి. ఇవన్నీ సర్దుకోవచ్చు. శ్రుతి దిగడం ఒక్కటే ప్రమాదం. సముద్రం చెవి కాలువ చెవికన్నా కిందుంటుంది. శ్రుతి దిగిన తీగని వినేది అదే. ఉప్పునీళ్లు కావలసిన రొయ్యల చెరువుల వాళ్లు, ఇంకా కింద పలికే తీగ ఒకటి ఎక్కువుండే ఐదు తీగల గిటారు అడిగేది అందుకే.

కార్తీకం మధ్యలో కోడూరు అవతల నుంచి సంజీవరావు అనే కౌలు రైతు ఫోన్ చేశాడు. వరి పొట్ట మీదుంది, ఆకు చుట్టుకుంటోంది, రేపటికి నీళ్లు పెట్టకపోతే గింజ కట్టక వెన్నంతా తాలే అన్నాడు. మధ్యాహ్నానికల్లా పాండురంగయ్య గారితో సహా ముగ్గురం, పెద్ద స్పీకరు వేసుకుని ట్రాలీ ఆటోలో బయల్దేరాం. గిటారు ఎండలో, నేను గిటారు నీడలో. ఉయ్యూరు దాటేదాకా చెరుకు లారీల వెనక నెమ్మదిగా పాకి, అవనిగడ్డ దాటాక కానీ గాలి మారలేదు.

సంజీవరావు ఎదురొచ్చి, నా వీపు మీది బ్యాగు చూసి, తిన్నగా నా చేతిలోనే కొబ్బరిబోండం పెట్టాడు. "మేస్టారూ, మా చేను ఇక మీ చేతుల్లో ఉందండీ," అన్నాడు. నేను తల వంచి నవ్వాను.

ఉషశ్రీ నా వీపు మీంచి బ్యాగు దించుకుంది. "ఈ అన్నయ్య మోస్తారండీ. వాయించేది నేను."

అతను ఒకసారి ఆమె వేళ్లకేసి, ఒకసారి నా చేతిలో బోండం కేసి చూశాడు. అప్పటికే సగం తాగేశాను.

అతని భార్య అమలమ్మ తూము దగ్గర చాప పరుస్తూ ఉషశ్రీకి సంగతి చెప్పింది. పంట పోతే పొలం వదిలేస్తానని సంజీవరావు ఆసామికి చెప్పేశాడు. పోరంకిలో ఒక అపార్ట్‌మెంటు వాళ్లు వాచ్‌మెన్ పనికి రమ్మన్నారు, వచ్చేదీ రానిదీ రేపు పొద్దుటికల్లా చెప్పమన్నారు. ఉండటానికి మెట్ల కింద గది ఇస్తారట.

"ఈయన నిద్దట్లో కూడా గట్టు మీద నడిచే మనిషమ్మా," అంది అమలమ్మ. "ఆ గదిలో ఎటు నడుస్తాడు?"

ఊళ్లో పొద్దుట్నించి కరెంటు లేదు. షామియానా సప్లయి వాళ్ల జనరేటరు తెప్పించి గట్టు మీద పెట్టారు. పాండురంగయ్య గారు చెవి పెట్టి విని, మనూరి గొంతు కాకపోయినా మన కులమే అన్నారు. ఎండకి సాగిన తీగని దాని మోతకి కలిపి ఉషశ్రీ చేతికిచ్చారు.

ఆమె మొదలుపెట్టింది. లావు తీగ మీద ఒకటే స్వరం, ఊపిరి తీసి వదిలేంత ఎడం ఇచ్చి మళ్లీ అదే. పెద్ద స్పీకరు ముందు గడ్డి పడుకుని లేస్తోంది. సంజీవరావు పార భుజాన వేసుకుని, కాలువ ఎగువకి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి కాలువ అడుగున బురద నల్లబడింది. ఆ నలుపు మీద సన్నటి మెరుపు కదిలింది. వస్తున్నాయి అనుకున్నాం అందరం.

అప్పుడే జనరేటరు సంగతి ఊరికి తెలిసింది. ముందు ఇద్దరు ఫోన్ ఛార్జర్లు పట్టుకొచ్చారు. సంజీవరావు కాదనలేకపోయాడు. తర్వాత ఒకావిడ పిండి గ్రైండరు మోయించుకొచ్చింది, పప్పు నానిపోయింది నాయనా, పులిసిపోతుంది అంటూ. ఆ వెనక ఎవరిదో ఫ్రిజ్‌కి వైరు లాగారు. ఒక్కొక్కటీ తగిలించినప్పుడల్లా జనరేటరు గొంతు కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది. గ్రైండరు తిరగడం మొదలెట్టాక ముసలి గేదెలా మూలిగింది.

పాండురంగయ్య గారి చెవికి వినబడింది వేరు. జనరేటరు సరిగ్గానే ఉంది, గిటారే పైకి పోయింది అని. ఇరవై ఏళ్లుగా కరెంటు తప్పు పాడగలదని ఆయన ఎరగరు. ఉషశ్రీ వాయిస్తూ ఉండగానే వంగి, కీ వెనక్కి తిప్పారు. మోతలు రెండూ కలిశాయి. కాసేపాగి ఇంకాస్త తిప్పారు.

"బాబాయ్, తీగ వేలికి ఆనట్లేదు," అంది ఉషశ్రీ. "వేలాడుతోంది."

"ఎండమ్మా. నేను సరిచేశాగా, నువ్వు కానియ్."

ఆమె కానిచ్చింది. నీళ్లు ఇదివరకటికన్నా వేగంగా వస్తున్నాయని ఎవరో అన్నారు. నిజమే, చేలో తడి కనిపిస్తోంది, అంచుల్లో మెరుస్తోంది. జనం కేక పెట్టబోయారు. సంజీవరావు మాత్రం పార దించి అటే చూస్తున్నాడు. తడి కాలువ వైపు నుంచి రావట్లేదు. పొలం అవతలి అంచున, సముద్రంలోకి పోయే మురుగు డ్రెయిను గట్టుకి పడ్డ గండిలోంచి వస్తోంది.

అమలమ్మ చేలోకి దిగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు," అంది. అరవలేదు. 

పొట్ట మీదున్న వరికి ఉప్పునీళ్లు పడితే, నీళ్లు లేకుండా చచ్చేది ఇంకా ముందే చస్తుంది. డ్రెయిను పక్క మడి అప్పటికే నిండింది. సంజీవరావు ఆ మడికీ మిగతా చేనుకీ మధ్యనున్న రెండో గట్టు మీదికి ఉరికి, మట్టి తవ్వి ఎత్తు వెయ్యడం మొదలెట్టాడు. పార దింపే ప్రతిసారీ నీరు ఇంకో వేలెడు పైకొస్తోంది. సముద్రం తొందరపడదు. పిలిచారు కాబట్టి వస్తోంది.

"జనరేటరు ఆపండి," అంది ఉషశ్రీ.

"ఆపితే దేంతో కలపమంటావే?" అన్నారు పాండురంగయ్య గారు. ఆయన గొంతు కూడా దిగింది.

ఆమె నాకేసి చూసింది. నేను వెళ్లి స్విచ్చు ఆపాను. గ్రైండరావిడ చేనువైపు చూసి, తన వైరు తనే పీకేసుకుంది.

ఆ నిశ్శబ్దంలో ఉషశ్రీ కళ్లు మూసుకుని, ఎడమచేతి వేలితో లావు తీగని నొక్కింది. మోగించలేదు. నొక్కి వదిలింది. కీ తిప్పి మళ్లీ నొక్కింది. వంట చేసేవాళ్లు మెతుకు పట్టి చూసినట్టుంది తప్ప శ్రుతి చేసినట్టు లేదు. అవతల సంజీవరావు పార చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఇంకాస్త తిప్పింది. నొక్కింది. ఇక తిప్పలేదు.

కరెంటు లేదు, స్పీకరు లేదు. బాస్ గిటార్ని ఒట్టిగా వాయిస్తే ఒళ్లో పెట్టుకున్నవాళ్లకే సరిగ్గా వినపడదు. ఉషశ్రీ లేచి తూము దగ్గరికి వెళ్లింది. గిటారు చెక్క అంచుని తూము ఇనప తలుపుకి ఆనించి, "అన్నయ్యా, ఇది కదలకుండా పట్టుకో. రొమ్ముతో అదుముకో," అంది.

నేను కాలువలో మోకాళ్ల మీద కూర్చుని, గిటార్ని తలుపుకేసి రొమ్ముతో అదుముకున్నాను. ఆమె తీగ లాగి వదిలింది. మోత చెవికి రాలేదు. నా పళ్లకొచ్చింది, పక్కటెముకలకొచ్చింది. ఇనప తలుపులోంచి కిందికి దిగి, కాలువ ఒడ్డు పట్టుకుని ఎగువకి పోయింది.

చాలాసేపు ఏమీ కాలేదు. పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. అమలమ్మ రెండో గట్టు దగ్గర కూర్చుని, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటూ, అక్కణ్ణించే చెబుతోంది. ఉప్పే. ఉప్పే. ఒకసారి సంజీవరావు పార ఆపి, "ఇంక వదిలెయ్యండమ్మా, మీ చేతులు పాడైపోతాయి," అన్నాడు. ఉషశ్రీ తల అడ్డంగా ఊపింది. ఆమె చూపుడువేలి చర్మం లేచింది. మధ్యవేలితో అందుకుంది. తీగ మీద ఎర్రటి తడి కనిపించినా మోతకీ మోతకీ మధ్య ఎడం మారలేదు. తొందరపడితే నీళ్లు బెదురుతాయి.

నా మోకాళ్లకి చల్లగా తగిలింది. కిందికి చూస్తే కాలువలో నీళ్లు తూము గడప దాకా వచ్చి నిలబడున్నాయి, లోపలికి రావచ్చా అన్నట్టు. సంజీవరావు పరుగున వచ్చి తలుపెత్తాడు. తలుపుతో పాటు నేనూ, గిటారూ, ఉషశ్రీ చేతులూ లేచాం. ఆమె వాయించడం ఆపలేదు. నీళ్లు నూనెలా పొలంలోకి పోయే బోదెలోకి జారి, పగుళ్లు ఒక్కొక్కటీ నింపుకుంటూ రెండో గట్టు దాకా నడిచి, ఉప్పునీళ్లకి ఎదురుగా ఆగాయి. గట్టుకి ఇటూ అటూ రెండు నీళ్లూ కాసేపు సమానంగా నిలబడ్డాయి.

ఈసారి అమలమ్మ దోసిట్లో పట్టి తాగింది.  ఇంకో దోసెడు తాగింది.

"మంచినీళ్లే," అంది.

అవతల ఉప్పునీరు వచ్చిన దారినే గండిలోంచి డ్రెయిన్లోకి దిగిపోయింది. దాని కింద నానిన మడి మాత్రం మర్నాటికే ఎర్రబడింది. దాన్నెవరూ ఆపలేకపోయారు. మిగతా చేనంతా నిలిచింది.

సంజీవరావు బురద చేత్తోనే ఫోన్ తీసి, చేలో నిలబడే పోరంకి వాళ్లకి చెప్పాడు: "నేను రానండి. ఇంకెవర్నైనా చూసుకోండి." అటువైపు ఏదో అడిగినట్టున్నారు. "ఏం లేదండీ, నీళ్లొచ్చాయి," అన్నాడు. అమలమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, వచ్చే సాలుకి కూడా పొలం మనకే ఉంచమని ఆసామికి ఇప్పుడే చెప్పెయ్యమంది.

తర్వాత విన్నాం. ఆ తూము దగ్గరికి ఎవరూ వాయించకపోయినా సాయంత్రం అయ్యేసరికి నీళ్లొచ్చి నిలబడుతున్నాయట. కాలువ నీళ్లు చూసే లస్కరు వచ్చి చూసి, తలుపు ఇంకో జానెడు ఎత్తి వెళ్లాడట. శివారు రైతులు సంజీవరావు పొలాన్ని ఇప్పుడు మొదటి పొలమంటున్నారు. తప్పంతా గ్రైండరుదేనని పాండురంగయ్య గారు అంటున్నారు.

ఆరోజు తిరుగు దారిలో ఉషశ్రీ వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని, గిటారు నా ఒళ్లో పెట్టింది. నా వేలు పట్టుకుని లావు తీగ మీద ఆనించింది.

"నొక్కన్నయ్యా. తిరిగి నెడుతోంది చూడు. ఎంత నెడుతోందో అదే శ్రుతి. తెలిసిందా?"

తల వంచి నవ్వబోయాను. ఆమె నా మొహంకేసి కాదు, వేలికేసి చూస్తోంది. అందుకని నవ్వు పనికి రాలేదు.

మళ్లీ నొక్కాను. ఆ తర్వాత కొట్లో ఎవరూ లేనప్పుడు చాలాసార్లు నొక్కి చూశాను. ఇనుము చల్లగా తగులుతుంది, వేలి మీద గీత పడుతుంది. అది నన్ను నెడుతోందో, నేనే దాన్ని నెడుతున్నానో నాకింకా తెలియదు.