జడవాయువు

జడవాయువు అనే మాట ఎవరు పుట్టించారో గానీ వాళ్ళ నోట్లో మన్నుపడ. తెలుగు బొత్తిగా రానివాళ్ళైనా అయ్యుండాలి, మరీ ఎక్కువ వచ్చినవాళ్ళైనా అయ్యుండాలి. హీలియం, నియాన్ లాంటివి ఏ మూలకంతోనూ కలవవు కాబట్టి ఆ పేరు పెట్టారట. జడం అంటే చలనం లేనిది. మరి ఆడపిల్ల వీపు మీద వేలాడేదాన్ని కూడా మనం జడ అనే అంటామని ఆ పెద్దమనుషులకు తట్టలేదా? నేను లెక్కల టీచర్ని. మా లెక్కల్లో ఒక మాటకు ఒకటే అర్థం. పిల్లల పుస్తకాల్లో రెండర్థాల మాటలు పెడితే ఎవరి కొంప మునుగుతుందో నేను దగ్గరుండి చూశాను.

మేం ముగ్గురం పొద్దున్నే నల్లపాడు స్టేషన్లో పాసింజరు ఎక్కేవాళ్ళం. పత్తి చేలు, మిరప చేలు, మళ్ళీ పత్తి చేలు దాటుకుంటూ పోయి ఒక చిన్న హాల్టులో దిగేవాళ్ళం. అక్కణ్ణించి మా హైస్కూలుకి మట్టిరోడ్డు మీద నడక. నేను రాజేశ్వరిని, రిటైర్మెంటు దగ్గరపడినదాన్ని. నస్రత్ సైన్సు టీచరు. నల్లపాడులోనే తల్లి రసూల్‌బీతో ఉంటుంది. చురుకైన పిల్ల, నడుము దాటిన జడ. వచ్చిన సంబంధాలన్నీ కాదంటూ వచ్చిందని, ఇది ఎవరితోనూ కలవని రకమని చుట్టాలు పేరు పెట్టేశారు. మూడో మనిషి ఇషాక్, తెలుగు మాస్టారు. నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి మాట ఎత్తితే ఛందస్సు మాట్లాడేవాడు. అతనికి శ్లేష అంటే ప్రాణం. ఒక మాటలో రెండర్థాలు దాచిపెట్టి, ఎదుటివాళ్ళు పట్టుకుంటారా లేదా అని మొహం చూస్తూ కూర్చునేవాడు.

రైల్లో వాళ్ళిద్దరికీ రోజూ మాటల యుద్ధమే. ఒకరోజు పేర్ల మీద పడ్డారు.

"మీ పేరు ఎన్, ఏలతో మొదలవుతుంది. అంటే సోడియం. నీళ్ళు తగిలితే చాలు, భగ్గుమంటారు," అన్నాడు ఇషాక్.

"మీది ఐ. అయోడిన్. పుండు మీద పడి కేకలు పెట్టించడం తప్ప ఇంకెందుకూ పనికిరారు."

"మరి నేనో?" అన్నాను.

"మీది ఆర్, ఏ. రేడియం మేడమ్! చీకట్లో కూడా మెరుస్తారు," అన్నాడు ఇషాక్.

"మెరుస్తూ మెరుస్తూ అరిగిపోతుంది కూడా. రిటైరయ్యేవాళ్ళకి సరిగ్గా సరిపోయింది," అని నస్రత్ నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్ళ మధ్య కూర్చుంటే నా మోకాళ్ళ నొప్పి కూడా గుర్తొచ్చేది కాదు.

అప్పుడే ఇషాక్ ఒక మాటన్నాడు. "అయినా సోడియం మీకు నప్పదులెండి. మీరు జడవాయువు."

అంటూ అతను ఆమె జడ వంక చూశాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. నస్రత్ చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒక్క క్షణం ఆమె మొహంలో నవ్వు ఆగింది. వెంటనే సర్దుకుని, "అయితే మీరు కర్బనం మాస్టారూ. నాలుగు చేతులు. ఎవరు దొరికితే వాళ్ళతో కలిసిపోవడం. పైగా పొగ," అంది. ఆ రోజు నుంచి ఆ పేర్లే స్థిరపడ్డాయి. బడిలో పిల్లలకు కూడా తెలిసిపోయాయి.

పొగ సంగతి అబద్ధం కాదు. ఇషాక్‌కి వాళ్ళ నాన్న వాడిన పాత స్కూటరు ఉండేది. దాన్ని హాల్టు దగ్గర గేటు కాసే జక్రయ్య గది పక్కన పెట్టేవాడు. స్టార్టు చేస్తే వెనక ఉన్న మనిషి కనపడేవాడు కాదు. నస్రత్ బడికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఎక్కండి దింపుతాను అన్నాడు. ఆమె మా బడి పర్యావరణ సంఘానికి పెద్ద. తల అడ్డంగా ఊపింది.

"నేను ఎక్కను. మీ కర్బన ఉద్గారాల్లో నాకు వాటా వద్దు."

మర్నాడు ఇషాక్ బండి స్టార్టు చేయలేదు. హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ మా పక్కన నడిచాడు.

"ఏం మాస్టారూ, బండి చచ్చిందా?"

"ఉద్గారాలు తగ్గిస్తున్నానండీ."

"స్టార్టు కావట్లేదని చెప్పడానికి నామోషీ అయ్యి పర్యావరణం అంటున్నారు."

అతను నవ్వాడే గానీ కాదనలేదు. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం అదే వరస. ఎండలో చొక్కా తడిసి ముద్దయ్యేది. బండి జక్రయ్య దగ్గరే వదిలేసి చేతులూపుకుంటూ రావచ్చు కదా అని నస్రత్ అంటే, "ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందండీ పాపం," అనేవాడు. దారిలో మిరపకాయలు ఆరబోసుకునే రంగయ్య, కల్లంలోంచి రోజూ కేక వేసేవాడు.

"ఏం మాస్టారూ, ఇంకా బాగవలా? నరసరావుపేటలో మంచి మెకానిక్ ఉన్నాడు, తీసకపోదాం పట్టండి!"

"చూద్దాం రంగయ్యా!"

ఒకరోజు నస్రత్ సెలవు పెట్టింది. నేను, ఇషాక్ హాల్టులో దిగాం. "మీ మోకాళ్ళకి ఈ నడక దేనికి, ఎక్కండి మేడమ్," అని అతను ఒక్క తన్ను తన్నాడు. బండి బుద్ధిగా స్టార్టయింది.

"నీ బండికి ఏ రోగమూ లేదుగా!" అన్నాను.

"దానికి లేదు మేడమ్," అన్నాడు.

నాకు విషయం తెలిసింది. సంతోషమూ కలిగింది, ఒళ్ళూ మండింది. మనిషి పక్కన నడవడానికి మణుగుల బరువు బండిని ఊరంతా చూస్తుండగా తోస్తాడు గానీ, నోరు తెరిచి ఒక్క ముక్క అనడు. "ఆమెకి చెప్పవేమయ్యా?" అంటే, "చెప్తే ఏముంది మేడమ్, వట్టి వచనం. తనంతట తనకే తట్టాలి," అన్నాడు. కవిత్వం చదివినవాళ్ళకు లోకం కూడా అర్థతాత్పర్యాలతో వస్తుందని ఒక నమ్మకం.

మాఘమాసం వెళ్ళాక చీరాల నుంచి నస్రత్‌కి సంబంధం వచ్చింది. బట్టల వ్యాపారం, మొదటి భార్య పోయింది, నెమ్మదస్తుడు. స్టాఫ్ రూములో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు నస్రత్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఈసారి అమ్మ పట్టుబట్టింది మేడమ్. శుక్రవారం నమాజయ్యాక వాళ్ళు ఫోన్ చేస్తారంట. ఏదో ఒకటి తేల్చి చెప్పమంది."

"నీ మనసులో ఏముందమ్మాయ్?"

ఆమె కిటికీ వంక చూసింది. బయట ఇషాక్ స్కూటరు ఎండలో నిలబడి ఉంది. "మేడమ్, ఇషాక్ మాస్టారు ఎప్పుడైనా మీతో ఏమైనా అన్నారా? నా గురించి?"

"అతనే అంటాడు. నువ్వు శుక్రవారం దాకా తొందరపడి మాటివ్వకు," అన్నాను.

"నన్ను జడవాయువు అనే మనిషి ఏమంటారులెండి," అని లేచిపోయింది. అలవాటైన హాస్యమే కదా అని ఆ మాటను నేను పట్టించుకోలేదు. తెలుగు నాకూ వచ్చు గానీ, ఆ పూట రాలేదు.

నేరుగా ఇషాక్ దగ్గరికి పోయి గడువు సంగతి చెప్పాను. అతని మొహం పాలిపోయింది. "రేపు గురువారం మన నాటకం ఉందిగా మేడమ్. అందులో చెప్తాను," అన్నాడు.

"గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకయ్యా? సాయంత్రం దారిలో నోటితో చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదు."

"నోటితో చెప్పాక ఆమె కాదంటే, మర్నాడు ఏ మొహం పెట్టుకుని బండి తొయ్యను మేడమ్?"

నేను సుద్దముక్క తీసుకుని నా క్లాసుకి వెళ్ళిపోయాను.

నాటకం పత్తికట్టె గురించి. పత్తి తీయడం అయ్యాక రైతులు కట్టెను చేలోనే తగలబెడతారు. ఊరంతా పొగ. అలా కాల్చకూడదని చెప్పడానికి పిల్లల మెడలో మూలకాల పేర్ల అట్టలు తగిలించి నాటకం వేయించాం. సైన్సు ముక్కలు నస్రత్ రాసిచ్చింది. మాటలు ఇషాక్ అల్లాడు. రైతులు, తల్లులు బడి ఆవరణ నిండా కూర్చున్నారు. "మా పత్తికట్టె పొగే కనపడిందా, మాస్టారి బండి పొగ సంగతేంది?" అని ఎవరో అంటే, "అది స్టార్టయితే కదా పొగొచ్చేది!" అని రంగయ్య కేకేశాడు. అందరం పడీపడీ నవ్వాం. నస్రత్ కూడా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

తర్వాత కర్బనం వేషం కట్టిన పిల్లాడు ముందుకొచ్చాడు. పొడుగాటి జడ ఉన్న పిల్లను ఏరి మరీ జడవాయువు వేషం వేయించాడు ఇషాక్. కర్బనం ఆ పిల్ల ముందు ఆగి అన్నాడు:

"జడవాయువు గారూ! మీ జడ చూసి దారి తప్పి వచ్చాను. నాకు నాలుగు చేతులున్నాయి. ఒక్కటైనా పట్టుకోరా?"

ఆ పిల్ల జడ విసురుగా వెనక్కి వేసుకుని, "నేను ఎవరితోనూ కలవను. అది నా గుణం," అంది. అది పాఠంలో ఉన్నది, నస్రత్ రాసిచ్చిన వాక్యమే.

పిల్లలంతా ఒక్కసారి గొల్లున నవ్వి, వెనక్కి తిరిగి నస్రత్ వంక చూశారు. వాళ్ళు చూశారని పెద్దలూ చూశారు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ పాఠం ఒప్పుకోదుగా. కర్బనం కాలిపోవాలి, బొగ్గుపులుసు వాయువు పుట్టాలి. కర్బనం పిల్లాడు గిరుక్కున తిరిగి, అటొక ఆక్సిజన్ పిల్ల, ఇటొక ఆక్సిజన్ పిల్ల చేతులు పట్టుకుని గంతులేసుకుంటూ వెళ్ళిపోయాడు. చప్పట్లు మోగాయి. ఇషాక్ మురిసిపోతూ నస్రత్ కోసం చూశాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం తలనొప్పి అని ఆమె ముందే ఆటోలో వెళ్ళిపోయింది. "అర్థమై ఉంటుంది మేడమ్, సిగ్గుపడింది," అన్నాడు ఇషాక్. "ఇప్పుడైనా ఫోన్ చెయ్యి," అన్నాను. రేపు కలుస్తాంగా అన్నాడు. మర్నాడు ఆమె సెలవు పెట్టింది.

శనివారం పొద్దున నల్లపాడు ప్లాట్‌ఫాం మీద నస్రత్ మిఠాయి పొట్లంతో కనపడింది. ముందు నాకు ఇచ్చి, తర్వాత ఇషాక్ ముందు పట్టింది. అతను ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. రైల్లో ఎవరూ మూలకాల ఊసెత్తలేదు. దిగాక ఇషాక్ బండి తోసుకుంటూ మా వెనక వచ్చాడు. ఆమె పెళ్ళి అయ్యేదాకా, అయ్యాక కూడా అలాగే తోశాడు. నాకు అతన్ని తిట్టాలనిపించేది, చూస్తే తిట్టబుద్ధయ్యేది కాదు.

బదిలీల్లో నస్రత్‌కి చీరాల పక్కన బడి వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం ముగ్గురం బడి గేటు దాటాం. ఆమె ఆగి, "చివరి రోజు కదా మాస్టారూ, ఒకసారి స్టార్టు చేయండి చూద్దాం. అవదని నాకు తెలుసులెండి," అంది.

ఇషాక్ ఆమె వంక చూసి, కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. బండి స్టార్టయింది.

నస్రత్ నవ్వబోయి ఆగింది. "బాగు చేయించారా?"

"ఎప్పుడూ బాగానే ఉంది నస్రత్ గారూ."

ఇంజను కొట్టుకుంటోంది. పొగ మా చుట్టూ కమ్ముకుంటోంది. ఆమె ఆ బండిని, అతన్ని, ముందున్న మట్టిరోడ్డునీ మార్చి మార్చి చూసింది. ఎన్ని పొద్దుల నడక ఆమె కళ్ళ ముందు తిరిగిందో నాకు తెలుసు.

"మరి నన్ను జడవాయువు అనేవారుగా. ఎవరితోనూ కలవనిదాన్నని."

"జడ చూసి అన్నాను," అన్నాడు ఇషాక్. "మీ జడ చూసి."

నస్రత్ చెయ్యి తనకు తెలియకుండానే జడ మీదికి వెళ్ళింది. దాన్ని ముందుకు లాక్కుని, కొత్తగా చూస్తున్నట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ఈ ముక్క ఆ శుక్రవారానికి ముందు చెప్పకూడదా మాస్టారూ?"

జీవితంలో మొదటిసారి అతనికి ఒక్క అర్థం ఉన్న మాట కూడా దొరకలేదు. నేను ముందుకు తిరిగి నడక మొదలుపెట్టాను, నా కళ్ళు వాళ్ళకు కనపడకుండా. వెనక నుంచి ఆమె గొంతే వినిపించింది. "ఆపేయండి మాస్టారూ. పొగ వస్తోంది."

ఇంజను ఆగింది. చక్రాల చప్పుడు నా వెనకే హాల్టు దాకా వచ్చింది.

తర్వాతి సోమవారం నేను, ఇషాక్ హాల్టులో దిగాం. అతను బండి బయటికి తీసి, స్టార్టు చేసి, "ఎక్కండి మేడమ్," అన్నాడు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక కూర్చున్నాను. మమ్మల్ని చూసి రంగయ్య పరిగెత్తినట్టే రోడ్డు మీదికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఓరి నీ అమ్మ కడుపు చల్లగుండ! మొత్తానికి బాగయిందా మాస్టారూ?"

ఇషాక్ బండి నెమ్మది చేశాడు.

"ఆఁ, బాగయింది రంగయ్యా," అన్నాడు.